గుమ్మంలో ఉన్నవారు

కోడూరు,
2 జూలై 2023

పూజ్యులు శివరామయ్య మాస్టారికి,
ఎలీషా నమస్కారాలు.

ఫోన్లో మీకు మాట అందడం లేదని జానకమ్మగారు చెప్పారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చేత్తో ఉత్తరం రాసి పదిహేనేళ్ళు దాటింది. ఏం రాసినా ఆఫీసు ఫైలు భాషలోకి పోతోంది, క్షమించండి.

బందరు కాలేజీలో మీ దగ్గర ఎం.ఏ. పాలిటిక్స్ చదివినవాళ్ళలో ఆ చదువును ఉద్యోగంలో వాడుకుంటున్నది నేనొక్కణ్ణేనేమో. రెవెన్యూలో డిప్యూటీ తాసీల్దారుగా ఉన్న నన్ను ఈమధ్య డెప్యుటేషన్ మీద కొత్తగా పెట్టిన తీర రక్షణ సెల్‌కి వేశారు. పాలకాయతిప్పకు అటూ ఇటూ సముద్రం ఒడ్డున ఎవరుంటున్నారు, ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు అని రాసి పైకి పంపడం మా పని.

మీ తుఫాను ఆటో పాఠం నాకింకా గుర్తుంది. "మైకు కట్టుకుని ఆటో వస్తుంది. తుఫాను వస్తోంది, ఇళ్ళు ఖాళీ చేయండి అంటుంది. మీరు ఆకాశం వంక చూడరు, రుజువు అడగరు, పరుగెత్తుతారు. దేశాల సంగతీ అంతే. ప్రమాదం సముద్రంలో ఉండక్కర్లేదు, మైకులో ఉంటే చాలు. అనేవాడికి అధికారం ఉండాలి, వినేవాళ్ళు నమ్మాలి. నమ్మారంటే ఆ తర్వాత మామూలు రూల్సేవీ పనిచేయవు." దానికి మీరు భద్రతీకరణ అని తెలుగు పేరు పెట్టారు. ఆ పేపర్లో నాకు డెబ్బై ఎనిమిది వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం. ఒడ్డున ఒకచోట నివాసాలు ఎందుకు తొలగించాలో చెబుతూ పైవాళ్ళకు నోట్ పెట్టాలి. చిత్తు రాశాను. విషయమంతా ఉంది కానీ చదివితే ఎవరికీ ఏమీ అనిపించడం లేదు. మీరొకసారి చూసి సరిచేసి పంపితే చాలా మేలు చేసినవారవుతారు. ఊరి పేరు రాయాల్సిన చోట ప్రస్తుతానికి ఖాళీ వదిలాను.

మీ శిష్యుడు,
ఎలీషా


గుడివాడ,
11 జూలై 2023

చి. ఎలీషాకు ఆశీస్సులు.

ఎడమ చెవి కాస్త మిగిలింది. జానకి దగ్గరకొచ్చి గట్టిగా చెబితే వినపడుతుంది. రిటైరై ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో నా సబ్జెక్టు గురించి నన్ను ఏదైనా అడిగింది నువ్వే. రోజూ పేపరు చదవడం, దానితో నేనే వాదించుకోవడం, అంతే.

నీ చిత్తు చదివాను. నాయనా, ఇది భూమి తగాదాలా ఉంది. "అనధికార ఆక్రమణ" అన్నావు. ఆ మాట పడ్డాక గ్రామసభ కావాలి, అభ్యంతరాలు వినాలి, వాయిదాలు పడతాయి. అది మామూలు రాజకీయం. నువ్వు దీన్ని ఆ గట్టు దాటించాలనుకుంటున్నావు, కానీ నీ మాటకు ఆ శక్తి లేదు. అందుకని మధ్య పేరా మొత్తం కొట్టేసి మళ్ళీ రాశాను. ఇదిగో:

"జీవనోపాధి ప్రశ్నగా కనిపిస్తున్న ఈ అంశం నిజానికి దేశ తీరానికి తెరిచి ఉంచిన తలుపు. తలుపు మూసే వేళ గుమ్మంలో ఉన్నవారి అభిప్రాయం అడగడం వివేకం కాదు."

ఇది రాశాక లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రాసి చెరిపేసిన సంగతి మొదటిసారి ఒక కాగితానికి పనికొచ్చింది. నా చెయ్యి వణుకుతోందని జానకి సాఫీగా తిరగరాసింది. ఆమె దస్తూరీతోనే పంపుతున్నాను.

ఒక్కమాట. ఆ పాఠం నేను చెప్పింది జాగ్రత్తపడడానికి. ఎవడైనా మైకు పట్టుకుంటే ముందు ఆకాశం చూడమని చెప్పాను. నువ్వు ఆ నేల మీద పుట్టినవాడివి. అక్కడి మనుషులకు నీవల్ల కీడు జరగదని నా నమ్మకం.

ఆశీస్సులతో,
శివరామయ్య


కోడూరు,
24 సెప్టెంబరు 2023

పూజ్యులు మాస్టారికి,

నోట్ పాసయింది. మీ రెండు వాక్యాలూ ఒక్క అక్షరం మారకుండా పైదాకా వెళ్ళాయి. మా పై ఆఫీసరు వాటిని మీటింగులో పైకి చదివి, "ఎవరయ్యా రాసింది" అని అడిగాడు. నేనేనని చెప్పాను. మీ పేరు చెబితే బయటివాళ్ళకు ఫైలు చూపించానంటారని.

మొన్న శుక్రవారం ఇక్కడ ప్రజలతో అవగాహన సభ పెట్టాం. మైకు నాకే ఇచ్చారు. ఆగస్టులో ఒడ్డుకు ఒక లైఫ్ జాకెట్ కొట్టుకొచ్చింది, దాని మీద ఏదో పరాయి భాషలో అక్షరాలున్నాయి. ఏ ఓడలోంచో పడిపోయి ఉంటుంది. దాన్ని టేబుల్ మీద పెట్టి మీ వాక్యాలు చెప్పాను. జాకెట్ గురించి నేనేమీ అనలేదు. అనక్కర్లేకపోయింది. వెనక వరసలోవాళ్ళు లేచి నిలబడి మరీ చూశారు. పొలాలవాళ్ళు, చెరువులవాళ్ళు, షాపులవాళ్ళు అందరూ చప్పట్లు కొట్టారు.

ఒక్క ముసలాయన మాత్రం లేచాడు. "సారూ, మేం పీతలు పట్టుకునేవాళ్ళం. మాకే దేశంతోనూ గొడవ లేదు. మమ్మల్నెందుకు లెగమంటన్నారు?" అని అడిగాడు. పక్కవాళ్ళే చొక్కా పట్టి కూర్చోబెట్టారు. "దేశం సంగతి మాట్టాడతంటే పీతల గోలేంటి" అని కసిరారు.

మీరు చెప్పింది చెప్పినట్టు జరిగింది మాస్టారూ. మైకు, మాట, నమ్మేవాళ్ళు. నేను అక్కడ నిలబడి మీ బోర్డు చూస్తున్నట్టే ఉంది.

ఉయ్యూరు బెల్లం రెండు అచ్చులు పంపుతున్నాను. జానకమ్మగారికి నమస్కారాలు చెప్పండి.

మీ ఎలీషా


గుడివాడ,
19 నవంబరు 2023

ఎలీషాకు,

మొన్న గురువారం పదకొండు గంటలకు ఒక పెద్దావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తెల్లవారగానే బయల్దేరి అవనిగడ్డలో ఒక బస్సు, పామర్రులో ఒక బస్సు మారి వచ్చిందట. పేరు రాహేలు, ఊరు మొగపాలెం అని చెప్పింది. ఎలీషా పెద్దమ్మను అంది. మీ అమ్మ పోయాక నిన్ను పెంచింది తల్లి అక్కగారని కాలేజీ రోజుల్లో నువ్వు చెప్పడం గుర్తుంది. ఆమెను చూడడం ఇదే మొదలు.

ఆమె మాటలన్నీ జానకి నా చెవిలో మళ్ళీ చెప్పింది. ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మా ఎలీషా ఎప్పుడూ మీ పేరే చెప్పేవోడండి. గుడివాడ మాస్టారు రాశారంటే ఎంత ఆఫీసరైనా చదవాల్సిందేననేవోడు. అందుకని అడుక్కుంటా వచ్చానండి," అంటూ చేతిసంచిలోంచి ఒక కాగితం తీసింది. వాళ్ళ చర్చి గోడకు అంటించిన నోటీసు. అంచుల్లో మైదా జిగురు ఎండిపోయి ఉంది.

జానకి నా పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టింది. మొగపాలెం, నలభై మూడు నివాసాలు, సర్వే నంబరు. ఆ తర్వాత ఆగింది. తన చేత్తో సాఫీగా రాసి కవర్లో పెట్టిన వాక్యాలు కదా, ఆమెకు తెలియకుండా ఉంటుందా. నా వంక ఒకసారి చూసి, మిగతాది నా చెవి దగ్గర కాకుండా మామూలు గొంతుతో చదివేసింది. నాకు వినపడలేదు. వినపడాల్సిన అవసరమూ లేదు.

"ఎలీషానే అడగకపోయావా అమ్మా?" అన్నాను.

"ఆడే కదండీ మైకులో చెప్పింది. మా ఆయన లెగిసి ఆణ్ణి సారూ అని పిలిచాడు. మావోడని తెలిస్తే ఆడికి ఆఫీసులో మాటొత్తదని. నేనూ తల దించుకుని కూచున్నానండి. ఆడి మీద నాకు కోపం లేదు. ఆ మాట ఆడిది కాదండి. ఆణ్ణి నేను పెంచాను, ఆడికంత మాట రాదు. బాగా చదువుకున్నోడెవడో రాసిచ్చుంటాడు. ఆడెవడో ఆడికి అర్థమయ్యేటట్టు మీరొక అర్జీ రాసిపెట్టండి."

నేను అర్జీ రాశాను. నాలుగు పేజీలు. తరతరాలుగా అక్కడ పీతలు పట్టి బతుకుతున్నవాళ్ళని, వాళ్ళవల్ల ఎవరికీ ఏనాడూ హాని జరగలేదని. ఆ బాగా చదువుకున్నవాణ్ణి నేనేనని మాత్రం చెప్పలేకపోయాను. జానకి ఆమెకు అన్నం పెట్టి, బస్టాండు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చింది. ఆ రోజు నుంచి జానకి నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది.

సభలో లేచిన ముసలాయన మీ పెదనాన్న సత్తయ్య అని నాకు రాయలేదేం? ఆ ఖాళీలో మొగపాలెం పేరు పెడతావని నాకెందుకు చెప్పలేదు?

శివరామయ్య


కోడూరు,
20 డిసెంబరు 2023

మాస్టారికి,

ఊరి పేరు ఇప్పుడు అడుగుతున్నారు. జూలైలో అడగలేదు. కాగితం మధ్యలో అంత ఖాళీ కనిపిస్తుంటే "ఏ ఊరు నాయనా" అని ఒక్క ముక్క రాయలేదు. నేను మీ జవాబు కోసం తొమ్మిది రోజులు ఎదురుచూశాను. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో, తెలియదు. మీరు రెండు వాక్యాలు పంపారు.

దాచిందంతా చెబుతాను. మొగపాలెం వెనకాల ఇసుకదిబ్బ, మడ అడవి అంచు ఒక రిసార్టు కంపెనీకి కావాలి. రెండుసార్లు గ్రామసభ పెట్టారు. రెండుసార్లూ జనం వద్దన్నారు. ఇంకోసారి పెట్టినా వద్దనే అంటారు. అప్పుడు మా పై ఆఫీసరు, ఇంకో దారేమైనా ఉందా అని గదిలో అందర్నీ అడిగాడు. ఉందండీ అన్నాను. ఆ పాఠం చదివినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. పన్నెండేళ్ళ సర్వీసులో ఆ రోజు మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. మీకది చిన్న సంగతిగా అనిపించవచ్చు. మీరు ఎప్పుడూ కూర్చునే ఉన్నారు.

నేను మొగపాలెంలో పెరిగానని మా ఆఫీసరుకు తెలియదు. తెలిస్తే, పెట్టిన నోట్ అబద్ధమంటాడు, లేకపోతే నన్ను కూడా గుమ్మంలో ఉన్నవాళ్ళ లిస్టులో వేస్తాడు.

ఈ నెల మొదట్లో తుఫాను వచ్చింది. అది నిజం తుఫానే. మైకు ఆటో వెళ్ళింది. మొగపాలెం మొత్తం మారుమాట లేకుండా షెల్టర్‌కి వచ్చింది. నాలుగో రోజు వెనక్కి వెళ్ళేసరికి అక్కడ కంచె ఉంది, గేటు ఉంది, నిషేధిత ప్రాంతమని బోర్డు ఉంది. ఎవరి మీదా చెయ్యి వేయలేదు. ఎవరి ఇల్లూ కూల్చలేదు. గాలికి పడినవి పడ్డాయి, మిగిలినవి కంచె లోపల ఉన్నాయి.

పెద్దమ్మకూ పెదనాన్నకూ కోడూరులో ఒక గది చూశాను. పెద్దమ్మ వచ్చి, గుమ్మం బయటే నిలబడి చూసి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళతోపాటు కాలవ గట్టు మీద టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటున్నారు.

మీ అర్జీకి జవాబు రాసింది నేనే. "రక్షణ విషయము. విచారణార్హము కాదు." ఇంకేం రాయమంటారు? మీరు పంపిన వాక్యాల తర్వాత ఇంకేదీ రాయడానికి కుదరదు. అవి అందుకోసమే కదా.

ఎలీషా


గుడివాడ,
20 ఫిబ్రవరి 2024

ఎలీషాకు,

నీకు తెలిసిందే రాస్తున్నాను. కానీ నువ్వు కాగితాల్లో చూశావు, నేను కళ్ళతో చూశాను.

కంచె పడ్డాక పీతల కోసం మడ అడవిలోకి వెళ్ళే దారి లేదు. మీ పెదనాన్న గురువారం తెల్లవారుజామున చిన్న పడవ వేసుకుని సముద్రం మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఆ వయసులో ఆ పడవతో సముద్రంలోకి ఎవరూ వెళ్ళరు. శుక్రవారం, తొమ్మిదో తేదీ, పొద్దున ఎనిమిదింటికి ఆయన శవం ఒడ్డుకొచ్చింది. కంచెకు అవతల.

వాళ్ళ చర్చి పాస్టరు జేమ్స్ గారు జానకికి ఫోన్ చేశారు. శనివారం మొదటి బస్సుకు బయల్దేరి పదకొండింటికి అక్కడికి చేరాం. రాహేలు ముందురోజు పొద్దుటి నుంచీ గేటు దగ్గరే ఉంది. గేటుకు రెండొందల గజాల దూరంలో ఆయన నీలం చొక్కా కనిపిస్తోంది. కాపలావాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. "సెల్ నుంచి పర్మిట్ రావాలండి. పర్మిట్ లేకుండా తీస్తే మా ఉద్యోగాలు పోతాయి," అన్నారు. కాకులు వాలినప్పుడల్లా వాళ్ళలో ఒకతను వెళ్ళి తోలి వస్తున్నాడు. ఆమెను మాత్రం వెళ్ళనివ్వలేదు. ఎండ ఎక్కింది. జానకి గొడుగు పడితే ఆమె వద్దని పక్కకు జరిగింది. ఆయనకు లేని నీడ తనకెందుకంది.

పర్మిట్ శనివారం మధ్యాహ్నం రెండుంపావుకు వచ్చింది. కింద నీ సంతకం ఉంది.

ఖననం అయ్యాక ఆమె దగ్గర కూర్చుని చెప్పాను. నోటీసులో ఆ రెండు వాక్యాలు నావేనని. జేమ్స్ గారు, జానకి అక్కడే ఉన్నారు. ఆమె నా వంక చూసి అడిగింది.

"అర్జీ కూడా మీరే రాశారు కదండీ."

"అవునమ్మా."

"ఆ రెంటిలో ఏది నిజమనుకుని రాశారండీ?"

జానకి ఆ మాట నా చెవిలో రెండుసార్లు చెప్పింది. వినపడలేదనుకుంది. వినపడింది. ఆ వాక్యాలు రాసినప్పుడు నిజమా అబద్ధమా అని నేను ఆలోచించనే లేదు. బాగుందా లేదా అని చూశాను.

ఆ పాఠానికి రెండో సగం ఉంది ఎలీషా. ఒకసారి భద్రత అన్నాక దాన్ని మళ్ళీ మామూలు మాటల్లోకి, మామూలు తగువుల్లోకి ఎలా దించాలన్నది. సిలబస్‌లో ఉండేది. ఏటా టైం చాలక వదిలేసేవాణ్ణి. పరీక్షలో రాదని మీరూ అడిగేవాళ్ళు కాదు.

జేమ్స్ గారు ఒక లాయరును చూశారు. మొగపాలెంవాళ్ళు కోర్టుకు వెళ్తున్నారు. ఆ మాటలు నేనే రాశానని, వాటికి ఏ ఆధారమూ లేదని అఫిడవిట్ వేస్తున్నాను. నీ ఉత్తరాలు కూడా లాయరుకు ఇచ్చాను.

శివరామయ్య


కోడూరు,
5 మార్చి 2024

మాస్టారికి,

వేయండి. ఉత్తరాలన్నీ ఇవ్వండి. ఇది కూడా ఇవ్వండి.

గేటు దగ్గర్నుంచి నాకు ఫోన్ వచ్చింది శుక్రవారం పదింటికి. మనిషి పేరు కూడా చెప్పారు. అప్పుడు మా ఆఫీసరు నా ఎదురుగా ఉన్నాడు. "ఏమిటి సంగతి?" అన్నాడు. "ఎవరో జాలరి శవం వచ్చిందటండి," అన్నాను. "తొందరపడకు. వేరే పడవలేమైనా వచ్చాయేమో ముందు రిపోర్టు తెప్పించు. నిషేధిత ప్రాంతంలో శవం అంటే మామూలు సంగతి కాదు," అన్నాడు. రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. అప్పటికి ఆయన వెళ్ళిపోయాడు. మర్నాడు రెండో శనివారం, ఆఫీసు లేదు. ఆయనతో ఫోన్లో సరేననిపించుకుని సంతకం పెట్టేసరికి ఆ వేళయింది. మా పెదనాన్న అని ఒక్క మాటంటే శుక్రవారమే గేటు తీయించేవాణ్ణి. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతకంటే నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మీ అఫిడవిట్ వల్ల ఏమవుతుందో కూడా చెబుతాను. ప్రభుత్వం తరఫు లాయరు జడ్జిగారికి ఒక సీల్డ్ కవరు ఇస్తాడు. రక్షణ విషయం కాబట్టి అందులో ఏముందో మీ లాయరుకు చూపించరు. ఆ కవరు సిద్ధం చేసింది నేనే. లైఫ్ జాకెట్ ఫొటో ఉంది. సభలో చప్పట్లు కొట్టినవాళ్ళ సంతకాలున్నాయి. జానకమ్మగారి దస్తూరీతో ఉన్న మీ కాగితం కూడా ఉంది. దాని మీద "విషయ నిపుణుల అభిప్రాయం" అని రాశాను. మీరు కాదంటే, అప్పుడొకటి ఇప్పుడొకటి అంటున్న పెద్దాయన అంటారు.

ఎలీషా


గుడివాడ,
12 ఆగస్టు 2024

ఎలీషాకు,

మీ సెల్ బందరు ఆఫీసుకు ప్రమోషన్ మీద వెళ్ళావని తెలిసింది.

నువ్వు చెప్పినట్టే జరిగింది. కవరు ఇచ్చారు. జడ్జిగారు విప్పి చదివి మళ్ళీ మూశారు. నన్ను ఒకే ప్రశ్న అడిగారట, నాకు వినపడలేదు. రెండోసారి అడిగితే మా లాయరు చెవిలో చెప్పాడు. "ఆ తీరానికి ప్రమాదం లేదని మీరు ఖాయంగా చెప్పగలరా?" లేదని ఎవరు చెప్పగలరు? ఏ తీరానికైనా లేదని ఎవరూ చెప్పలేరు. ప్రమాదం ఉందనడానికి రుజువు అడగలేదు, లేదనడానికి రుజువు అడిగారు. పిటిషన్ కొట్టేశారు. నీ ఉత్తరాలను వ్యక్తిగతమని ఎవరూ చదవకుండానే పక్కన పెట్టారు. ఈలోగా మొగపాలెంవాళ్ళలో సగంమంది కొత్త రిసార్టు పనికి కుదిరారు. కంచె లోపలికి వెళ్ళడానికి వాళ్ళకిప్పుడు మెడలో కార్డులున్నాయి.

రాహేలు వెళ్ళలేదు. జేమ్స్ గారి చర్చి వెనక వసారాలో ఉంటోంది. కోడూరు సంతలో పీతలు ఏరిపెట్టే పని చేస్తోంది. మొన్న వెళ్ళినప్పుడు నీకు రాయమని ఒక్క విషయం చెప్పింది. ఆమె అన్నట్టే రాస్తున్నాను.

"మా ఆయన మరణ సర్టిఫికెట్లో పదో తేదీ పడింది. ఆయన ఒడ్డుకొచ్చింది తొమ్మిది, శుక్రవారం. మీ సెల్‌వోళ్ళు ఇచ్చిన రిపోర్టు చూసి పది అని రాశారంట. ఇల్లడగను, దారడగను. ఆ తేదీ మార్పించు. అది నీ చేతిలో పనే కదా."

ఒక్క రోజు ఎందుకమ్మా అంత ముఖ్యం అని అడిగాను. "ఆ రోజంతా ఆయన అక్కడ పడున్నాడు కదండీ. కాయితంలో చూత్తే ఆ రోజే లేదు," అంది.

శివరామయ్య


మచిలీపట్నం,
3 సెప్టెంబరు 2024

మాస్టారికి,

ఫైలు తీసి చూశాను. పది అని రిపోర్టులో రాయించింది నేను కాదు, మా ఆఫీసరు. పర్మిట్ ఇచ్చిన రోజే శవం కనపడినట్టు ఉండాలన్నాడు. సంతకం మాత్రం నాది.

ఇప్పుడు తొమ్మిది అని మార్చాలంటే శవం ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే ఉందని రాయాలి. శుక్రవారం పదింటికి నాకు ఫోన్ వచ్చిందని రాయాలి. ఎందుకు ఆలస్యమైందో రాయాలి. పైగా నిషేధిత ప్రాంతం కాబట్టి ఆ దిద్దుబాటు మళ్ళీ రక్షణ కమిటీకి వెళ్ళాలి. నోట్ రాయడం మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను.

ఒక సంగతి చెబుతాను, నవ్వకండి. మొన్న మంగినపూడి బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళాను. దూరంగా ఒక పడవ ఆగి ఉంది. అది ఎవరిదో, ఎందుకు ఆగిందో అని చూస్తూ ఉండిపోయాను. పిల్లలు పిలిచినా పలకలేదు. కంపెనీ కోసం మొదలుపెట్టినదాన్ని ఇప్పుడు నేనే నమ్ముతున్నాను. సముద్రం నాకు మామూలుగా కనపడడం మానేసింది.

నేను ఆ ఫైలు పెట్టలేదు. పెట్టలేను. పెద్దమ్మకు మాత్రం పెట్టాడని, పైన ఆగిందని చెప్పండి. ఈ ఒక్కటి చేసిపెట్టండి. ఆమె మీ మాట నమ్ముతుంది.

ఎలీషా


గుడివాడ,
22 సెప్టెంబరు 2024

ఎలీషాకు,

ఆమె నా మాట నమ్మదు. నా మాటా నీ మాటా నమ్మే రోజులు అయిపోయాయి. నువ్వు రాసింది రాసినట్టు, పడవ సంగతితో సహా, చర్చి వసారాలో కూర్చుని చదివి వినిపించాను. "పెట్టాడని చెప్పండి" అన్నది కూడా చదివాను.

ఆమె ఏడవలేదు. నిన్ను తిట్టలేదు. పీతల వాసన పోవడానికి చేతులు కడుక్కుంటూ విన్నది. అంతా విని, "తేదీ మార్పించమని నెలకొక అర్జీ పెట్టొచ్చాండీ?" అని జేమ్స్ గారిని అడిగింది. పెట్టొచ్చన్నారాయన. నన్ను రాయమంది. క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. రాయడం వచ్చు కాబట్టి రాయమంది.

మొదటి అర్జీ ఇవాళ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఐదు వాక్యాలు. మొగపాలెం సత్తయ్య ఫిబ్రవరి తొమ్మిదో తేదీ శుక్రవారం చనిపోయి ఉండగా కనిపించాడని, తేదీ సరిచేయమని. సంగతి తెలిసిన సాక్షుల పేర్లు రాయాల్సిన చోట రాహేలు ముందుగా నీ పేరు చెప్పింది. రాశాను. మృతుడికి ఏమవుతాడన్న చోట "పెంచిన కొడుకు" అని రాయమంది. అదీ రాశాను.

అది మీ ఆఫీసరు చదువుతాడు. తిరస్కరించి పంపుతారు, తెలుసు. వచ్చే నెల ఇంకొకటి వస్తుంది. నా చెయ్యి ఆడకపోతే జానకి రాస్తానంది.

ఇక నాకు ఉత్తరాలు రాయవద్దు.

శివరామయ్య